వేళ్ళకు గులాబీ రంగు ఎందుకొచ్చింది, టీచర్?

సంపాదకుల వారికి నమస్కారం.

లంచం తీసుకుంటూ ఏసీబీకి చిక్కిన ఉద్యోగుల వార్తలు మీ పత్రికలో తరచూ వస్తుంటాయి. పేరు మారుతుంది, ఊరు మారుతుంది, సొమ్ము మారుతుంది. చివరి మాట మాత్రం మారదు. రసాయన పరీక్షలో నిందితుడి చేతులు గులాబీ రంగులోకి మారాయని రాసి వార్త ముగిస్తారు. నేను ఈ ఉత్తరం రాస్తున్నది ఆ చివరి మాట గురించే.

భీమవరానికి దగ్గర్లోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో నేను ఫిజికల్ సైన్స్ టీచర్‌ని. సర్వీసు 26 ఏళ్ళు. పోయిన నెలలో పదో తరగతి పిల్లవాడొకడు అలాంటి వార్తనే పేపరులోంచి కత్తిరించి, నాలుగు మడతలు పెట్టి జేబులో తెచ్చుకున్నాడు. భోజనం గంట కొట్టగానే అందరూ పళ్ళేలు పట్టుకుని పరుగెత్తుతుంటే వాడొక్కడూ నా బల్ల దగ్గర నిలబడిపోయాడు.

“వేళ్ళకు గులాబీ రంగు ఎందుకొచ్చింది, టీచర్? నోట్లకు రంగు పూసి ఇస్తే తీసుకునేటప్పుడే ఆయనకు కనబడాలి కదా?” అని అడిగాడు.

ఆమ్లాలు, క్షారాలు, లవణాల పాఠం అప్పటికి 20 రోజుల క్రితమే అయిపోయింది. ఫినాఫ్తలీన్‌కు ఆమ్లంలో రంగు ఉండదని, క్షారంలో గులాబీ రంగు వస్తుందని ఈ పిల్లవాడే పరీక్షలో తప్పు లేకుండా రాశాడు. మార్కులు వేసింది నేనే. జవాబు వాడి నోటుపుస్తకంలో ఉంది, ప్రశ్న వాడి జేబులో ఉంది. ఆ రెండింటికీ సంబంధం ఉందని వాడికి తోచలేదు. ఆ మధ్యాహ్నం నాకు అన్నం సయించలేదు. లోపం పిల్లవాడిది కాదు. ఆ పాఠం చెప్పాల్సిన వారంలో మూడు రోజులు శిక్షణ తరగతులకు వెళ్ళాను. తిరిగి వచ్చాక సిలబస్ వెనకబడిందన్న తొందరలో ప్రయోగాన్ని గోడమీది డిజిటల్ తెర మీద చూపించేసి, పట్టిక రాయించి, తర్వాతి పాఠంలోకి వెళ్ళిపోయాను. తెర మీద ఎవరిదో చెయ్యి చుక్క వేసింది, ఎక్కడో నీళ్ళకు రంగు వచ్చింది. పిల్లలు చూశారు. చూసినంత తేలిగ్గానే మరిచిపోయారు.

వాడి ప్రశ్నకు సమాధానం మీ పాఠకులకూ చెప్పాలి. ఫినాఫ్తలీన్ తెల్లటి పొడి. నోట్ల మీద పలచగా పూస్తే కంటికి ఆనదు. నోట్లు తీసుకున్న మనిషి వేళ్ళకు అంటుకుంటుంది, అతనికి తెలియను కూడా తెలియదు. తర్వాత అధికారులు ఆ వేళ్ళను సోడియం కార్బొనేట్ కలిపిన నీటిలో ముంచమంటారు. సోడియం కార్బొనేట్ అంటే మరేమీ కాదు, మన చాకలి సోడాయే. ఆ నీటికి క్షార గుణం ఎక్కువ. వేళ్ళకున్న పొడి అందులో కలవగానే నీరు గులాబీ రంగుకు తిరుగుతుంది. ఆ నీటినే సీసాలో పోసి, సీలు వేసి, సాక్ష్యంగా ఫోరెన్సిక్ ప్రయోగశాలకు పంపుతారు. కాబట్టి రంగు మారేది ప్రధానంగా నీళ్ళకే. చేతులు గులాబీ రంగులోకి మారాయని కాక, చేతులు కడిగిన ద్రావణం గులాబీ రంగులోకి మారిందని మీ విలేకరులు రాస్తే వార్తా సరిగ్గా ఉంటుంది, మా పాఠానికీ సాయం చేసినవారవుతారు.

ఆ పొడిని 1871లో మొదట తయారుచేసినవాడు జర్మనీకి చెందిన అడాల్ఫ్ ఫాన్ బేయర్. మన దేశపు రైతుల చేత బలవంతంగా పండించిన నీలిమందు ఉంది కదా, ఆ రంగును మొక్కతో పని లేకుండా ప్రయోగశాలలో తయారుచేసి చూపినవాడు కూడా ఆయనే. 1905లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. రంగుల మీద పనిచేస్తూ చేసిన పదార్థం ఇన్నేళ్ళ తర్వాత మన జిల్లా కార్యాలయాల్లో సాక్ష్యం చెబుతోందంటే పిల్లలు నోళ్ళు తెరుచుకుని విన్నారు.

మరునాడు మా తెలుగు మాస్టారిని అడిగి ఆయన పీరియడ్ కూడా తీసుకున్నాను. పిల్లల చేతులకు పొడి అంటనివ్వడం నాకు ఇష్టం లేదు. అందుకని స్పిరిట్‌లో కరిగించిన పలచటి ఫినాఫ్తలీన్ ద్రావణాన్ని చిన్న చిన్న మూతల్లో పోసి, పుల్లలకు దూది చుట్టి ఇచ్చాను. స్పిరిట్ మండే పదార్థం కాబట్టి గదిలో దీపం గాని స్టవ్ గాని లేకుండా చూసుకున్నాను. తెల్ల కాగితం మీద ఎవరి పేరులోని మొదటి అక్షరం వాళ్ళు రాయాలి. రాశారు. ఫ్యాను గాలికి రెండు నిమిషాల్లో ఆరిపోయింది. కాగితం పైకెత్తి కిటికీ వెలుతురుకు అడ్డం పెట్టి చూసుకున్నారు. ఏమీ లేదు.

అద్దాలు తుడిచే మందు అయిపోయిన స్ప్రే సీసా ఒకటి శుభ్రంగా కడిగి, అందులో చాకలి సోడా నీళ్ళు పోసి ఉంచాను. మొదటి బల్ల మీది అమ్మాయి కాగితం మీద ఒక్కసారి చిమ్మాను. తుంపర్లు పడిన చోట ముందు తలకట్టు తేలింది. తర్వాత కిందికి ఒంపు. ఒకచోట తుంపర పడక అక్షరం తెగిపోయి ఉంటే ఆ అమ్మాయి వేలితో పక్క తడిని అక్కడికి లాగింది. ఆమె వేలు వెళ్ళిన దారినే గులాబీ రంగు వెళ్ళింది. మరుక్షణం గదిలో నా గొంతు నాకే వినబడలేదు. నలభై మంది కాగితాలు చాచి నిలబడ్డారు. ఆ తర్వాత నిమ్మరసంలో ముంచిన దూదితో అదే అక్షరాన్ని తుడవమన్నాను. తుడిచిన మేర అక్షరం మాయమైంది. మళ్ళీ సోడా నీళ్ళు, మళ్ళీ అక్షరం.

పేపరు ముక్క తెచ్చిన పిల్లవాడు కేకలు వేయలేదు. తన కాగితాన్ని బల్ల మీద పెట్టి, జేబులోని వార్తను తీసి పక్కన పరిచాడు. కాసేపు రెండింటినీ చూసి, “అంటే ఆ నోట్ల మీద ఉన్నది ఇదే” అన్నాడు, నాతో కాదు, తనలో తాను. పరీక్షలో వాడికి నేను వేసిన మార్కులు నిజానికి ఆ క్షణంలో వేయవలసినవి.

ఫినాఫ్తలీన్ కొనాలి. పసుపు ప్రతి ఇంట్లోనూ ఉంది. అందుకే నా అనుభవంలో ఈ పాఠానికి పసుపును మించిన సామగ్రి లేదు. పసుపును నీటితో ముద్దగా కలిపి, తెల్ల కాగితానికి రెండు వైపులా పూసి, నీడలో ఆరబెట్టి, వేలెడు ముక్కలుగా కత్తిరించుకుంటే చాలు. ఎండలో పెట్టకూడదు, పసుపు రంగు ఎండకు వెలిసిపోతుంది. ఆ కాగితం మీద సబ్బు నీటి చుక్క వేస్తే ఇటుక రంగు ఎరుపు వస్తుంది. చొక్కా మీద పప్పు మరకకు సబ్బు రుద్దితే ఎర్రబడి, నీళ్ళలో బాగా జాడిస్తే మళ్ళీ పసుపు తిరగడం పిల్లలందరూ చూసిందే. అది మరక ముదరడం అనుకుంటారు, అంతే.

ఈసారి కాగితం ఎర్రబడగానే వెనక బల్ల నుంచి ఒక అమ్మాయి “ఎర్రనీళ్ళు, టీచర్!” అని అరిచింది. కొత్త పెళ్ళికూతురు గడపలోకి వచ్చేటప్పుడు పళ్ళెంలో తిప్పే ఎర్రనీళ్ళు, పసుపు నీటిలో సున్నం కలిపి చేసేవే. కాళ్ళకు పెట్టే పారాణి కూడా పసుపూ సున్నమే. మన ఇళ్ళలో ఆడవాళ్ళు తరతరాలుగా ఈ ప్రయోగం చేస్తున్నారు. రంగు మారి ఆమ్లమో క్షారమో చెప్పే పదార్థాన్ని మేము సూచిక అంటాం. వాళ్ళు ఆ పేరు పెట్టలేదు గాని, ఎంత పసుపుకు ఎంత సున్నం పడితే ఏ ఎరుపు వస్తుందో వాళ్ళ చేతులకు తెలుసు. ఆ సంగతి పిల్లలకు చెప్పినప్పుడు గదిలో ఒక మార్పు వస్తుంది. సైన్స్ అనేది ఎక్కడి నుంచో వచ్చింది కాదు, మా అమ్మమ్మ చేతిలో ఉన్నదే అనిపిస్తుంది వాళ్ళకు. 1664లో ఇంగ్లండులో రాబర్ట్ బాయిల్ రంగుల మీద ఒక పుస్తకం వేశాడు. వయొలెట్ పూల పాకంలో ఆమ్లం కలిపితే ఎర్రబడుతుందని, క్షారం కలిపితే ఆకుపచ్చ అవుతుందని అందులో రాశాడు. ఆయన వయొలెట్ పూలతో చేసింది మా బడి గోడ పక్కన పూసే మందారాలతో మా పిల్లలు చేస్తారు.

ఎర్రనీళ్ళ పళ్ళెంలో నిమ్మకాయ పిండితే నీళ్ళు మళ్ళీ పసుపవుతాయి. అది చూసి ఒక పిల్లవాడు అడిగిన ప్రశ్నకు మాత్రం నేను అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. “మా నాయనమ్మ ఇంట్లో కుంకుమ చేసేటప్పుడు పసుపు కొమ్ములకు నిమ్మరసం పట్టిస్తుంది, టీచర్. నిమ్మరసం ఉన్నా కుంకుమ ఎర్రగానే ఎందుకు ఉంటుంది?” రేపు చెబుతానన్నాను. ఇంటికి వెళ్ళి నా పాత పుస్తకాలు తీశాను. కుంకుమలో నిమ్మరసంతో పాటు వెలిగారం కూడా వేస్తారు. వెలిగారంలో బోరాన్ ఉంది. అది పసుపుకు రంగునిచ్చే కర్క్యుమిన్ అనే పదార్థంతో కలిసి ఎర్రటి కొత్త పదార్థంగా మారుతుంది. ఎర్రనీళ్ళ ఎరుపు నిమ్మరసానికి పోయే ఎరుపు, కుంకుమ ఎరుపు అలా పోయేది కాదు. రెండూ పసుపు నుంచి పుట్టినవే, దారులు వేరు. ఈ ప్రశ్న ఏ గైడులోనూ లేదు. పసుపు కాగితం చేతిలో లేకపోతే ఆ పిల్లవాడికి కూడా వచ్చేది కాదు.

పసుపుకు ఒక లోపం ఉంది. ఆ లోపం వల్లే అది మంచి పాఠమైంది. మజ్జిగ చుక్క వేస్తే కాగితం పసుపుగానే ఉంది. బడి కుళాయి నీళ్ళు వేసినా పసుపుగానే ఉంది. “అయితే మజ్జిగా నీళ్ళూ ఒకటేనా?” అని తగువు మొదలైంది. పసుపు క్షారాన్ని పట్టిస్తుంది గాని ఆమ్లాన్నీ మంచినీళ్ళనూ విడదీయలేదు. దానికి మరో సాక్షి కావాలి. అప్పుడు మందార రేకులు గోరువెచ్చని నీటిలో నానబెట్టి గుడ్డతో వడకట్టిన నీళ్ళు తెచ్చాం. మజ్జిగలోకి, నిమ్మరసంలోకి, చింతపండు పులుసులోకి చుక్కలు వేస్తే ముదురు గులాబీ ఎరుపు, చాకలి సోడా నీళ్ళలో వేస్తే ఆకుపచ్చ. ఒక అమ్మాయి వాళ్ళింటి కంచె మీది శంఖు పూలు కోసుకొచ్చింది. ఆ నీలి నీళ్ళు నిమ్మరసానికి ఊదా రంగు తిరిగాయి.

వంట సోడా దగ్గర పెద్ద గొడవే జరిగింది. పసుపు కాగితం మీద ఎరుపని కొందరు, నారింజ అని కొందరు, ఏమీ మారలేదని మరికొందరు. ఫినాఫ్తలీన్ వేస్తే రంగు ఉందా లేదా అన్నంత పలచటి గులాబీ. పుస్తకంలో వంట సోడా పక్కన ‘క్షారం’ అని ఒక్క మాటే ఉంటుంది. దాని క్షార గుణం చాలా తక్కువ. ఈ రెండు సూచికలూ రంగు మారే హద్దు దగ్గరే దాని ద్రావణం ఉంటుంది. పీహెచ్ అంటే ద్రావణం ఎంత ఆమ్లమో ఎంత క్షారమో అంకెల్లో చెప్పే కొలత, అంకె పెరిగేకొద్దీ క్షార గుణం పెరుగుతుంది. ఫినాఫ్తలీన్ పీహెచ్ 8.2 దాటాక గాని రంగు చూపదు. క్షారాల్లో బలమైనవీ బలహీనమైనవీ ఉంటాయని నేను ఎన్ని సంవత్సరాలు నోటితో చెప్పానో! ఆ రోజు చెప్పలేదు. పిల్లలే గొడవపడి తేల్చుకున్నారు.

ఇక నా మనసులో అన్నింటికన్నా గట్టిగా నిలిచిపోయిన సంగతి చెబుతాను. సున్నం నీళ్ళలో కలిపి రాత్రంతా ఉంచితే పైన తేట తేరుతుంది. ఆ తేట నాలుగు చుక్కలు గ్లాసెడు నీళ్ళలో వేసి, ఫినాఫ్తలీన్ చుక్క వేస్తే లేత గులాబీ రంగు వస్తుంది. అందులోకి గొట్టంతో ఊదమంటాను. పీల్చకుండా ఉండేందుకు గొట్టం పైభాగంలో పిన్నుతో చిన్న రంధ్రం చేస్తాను. ఊదితే గాలి వెళుతుంది, పీలిస్తే నీళ్ళు పైకి రావు. ఊదుతూ ఉంటే రంగు అంచుల నుంచి కాదు, గ్లాసు మొత్తం ఒక్కసారిగా అలసినట్టు పలచబడి, చివరికి నీళ్ళలాగే మిగులుతుంది. మన ఊపిరిలోని కార్బన్ డై ఆక్సైడ్ నీటిలో కలిసి కార్బోనిక్ ఆమ్లమై సున్నపు క్షారాన్ని తటస్థం చేసింది.

ఆ ప్రయోగం అయ్యాక తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె మరునాడు ఒక చిన్న పెట్టె తెచ్చింది. వాళ్ళ నాన్న రొయ్యల చెరువు దగ్గర కాపలా ఉంటాడు. ఆ పెట్టెలో ఒక గాజు గొట్టం, చుక్కల సీసా, రంగుల చీటీ ఉన్నాయి. చెరువు నీళ్ళు గొట్టంలో తీసుకుని చుక్కలు వేసి, వచ్చిన రంగును చీటీ మీది రంగులతో పోల్చి పీహెచ్ చూస్తారు. మా ప్రాంతంలో ఈ పని చదువుకోని వాళ్ళూ రోజూ చేస్తారు. మా బడి పిల్లల్లో సగం ఇళ్ళలో పీహెచ్ అనే మాట ఉంది, ఆ మాటా పదో తరగతి పాఠంలోని మాటా ఒకటేనని మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ కొలతను 1909లో సోరెన్‌సెన్ అనే శాస్త్రవేత్త డెన్మార్క్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో రూపొందించాడు. అది బీరు తయారీదారులు పెట్టిన ప్రయోగశాల. పులియబెట్టే పనివాళ్ళ అవసరం నుంచి పుట్టిన కొలత ఇప్పుడు రొయ్యల రైతు చేతిలో ఉంది.

“నాన్న పొద్దున చూస్తే తక్కువ వస్తుంది, మధ్యాహ్నం మూడింటికి చూస్తే ఎక్కువ వస్తుంది, టీచర్. చుక్కల మందు పాడైందేమో అంటాడు” అంది ఆ అమ్మాయి. నేను సమాధానం చెప్పబోయి ఆగాను. నిన్న గ్లాసులో ఊదినప్పుడు ఏమైందో గుర్తు చేసుకోమన్నాను. అరనిమిషం ఆలోచించింది. “రాత్రంతా చెరువు ఊపిరి వదులుతుంది” అంది. ఇంకో అరనిమిషానికి “పగలు నాచు ఆ గాలి తినేస్తుంది” అంది.

నేను చెప్పేది అంతకన్నా ఏమీ లేదు. రాత్రి నీటిలోని జీవులన్నీ శ్వాసిస్తాయి, కార్బన్ డై ఆక్సైడ్ పెరుగుతుంది, పీహెచ్ తగ్గుతుంది. పగటి వెలుతురులో సూక్ష్మమైన నాచు కిరణజన్య సంయోగక్రియతో దాన్ని వాడేసుకుంటుంది, పీహెచ్ పెరుగుతుంది. పీహెచ్ మరీ పెరిగితే నీటిలోని అమ్మోనియా రొయ్యలకు మరింత విషమవుతుంది కాబట్టి వాళ్ళ నాన్నకు ఇది పుస్తకపు విషయం కాదు, పంట విషయం. ఆ సాయంత్రం ఆ అమ్మాయి ఇంటికి వెళ్ళి మందు పాడవలేదని వాళ్ళ నాన్నకు చెప్పిందట. చెరువు యజమాని కూడా వచ్చి విన్నాడట.

ఇంత చెప్పాక ప్రమాదాల గురించి చెప్పకపోతే నేరం. ఇంటి సామాన్లతో చేసే ప్రయోగమైనా సున్నం సున్నమే. తాంబూలపు సున్నం ప్యాకెట్లను పిల్లలు పిసుకుతుంటే పగిలి కంట్లో పడిన సంఘటనలు మన దేశంలో చాలా ఉన్నాయి. క్షారం కంటికి ఆమ్లం కన్నా లోతుగా హాని చేస్తుంది, చూపే పోవచ్చు. కంట్లో సున్నం పడితే రెప్పలు తెరిచి పట్టి, కనీసం 15 నిమిషాలు ధారగా మంచినీళ్ళు పోసి, వెంటనే కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. సున్నం క్షారం కదా అని నిమ్మరసం పిండకూడదు. తటస్థీకరణ పరీక్షనాళికలో చేయవలసిన పని, కంట్లో కాదు. మా తరగతిలో సున్నం ముద్ద ఎవరి చేతికీ ఇవ్వను, తేట మాత్రమే, అదీ నేనే పోస్తాను. గాఢ ఆమ్లాల జోలికి ఈ ప్రయోగంలో అసలు పోనవసరం లేదు. ఏదీ రుచి చూడకూడదని, అది మజ్జిగే అయినా సరే, మొదటి రోజే చెబుతాను.

నేను ఇంతకుముందు పనిచేసిన ఒక పాఠశాలలో ప్రయోగశాల అంటే ఒక ఇనుప బీరువా. తాళం చెవి అడిగితే, పగిలితే ఎవరు కడతారు అనేవారు. ఒకసారి పట్టుబట్టి తెరిపిస్తే పై అరలో గాజు సామాను గడ్డిలో చుట్టి వచ్చినది వచ్చినట్టే ఉంది. కింది అరలో లిట్మస్ కాగితాల పుస్తకాలున్నాయి. నీలి కాగితాలన్నీ ఎర్రగా ఉన్నాయి. పక్కనే హైడ్రోక్లోరిక్ ఆమ్లం సీసా మూత వదులై, ఆ ఆవిరికి ఏళ్ళ తరబడి ఎర్రబడి ఉంటాయి. ఒక్క పిల్లవాడి చేతిలో పడకుండానే ఆ కాగితాలు తమ పని తాము చేసేసుకున్నాయి. ఆ రోజు ఆ బీరువా ముందు నిలబడి నాకు ఏడుపు వచ్చింది.

ఇప్పటికీ చాలా బడుల్లో ప్రయోగ నివేదికలకు మార్కులున్నాయి గాని ప్రయోగానికి లేవు. నివేదికను గైడు చూసి రాస్తారు, మేము అక్షరాలు చూసి మార్కులు వేస్తాం. విద్యాశాఖ వారికి మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. పదో తరగతి పిల్లలకు ఏడాదికి ఒక్కసారైనా చేత్తో చేసే పరీక్ష పెట్టండి. ఖర్చు అక్కర్లేదు. మూడు గ్లాసులు పెట్టండి, పేర్లు వద్దు. ఒకదానిలో నిమ్మరసం కలిపిన నీళ్ళు, ఒకదానిలో మంచినీళ్ళు, ఒకదానిలో చాకలి సోడా నీళ్ళు. పిల్లవాడికి పసుపు కాగితం ముక్కలు తప్ప మరే సూచికా ఇవ్వకండి. వాసన చూడకూడదు. ఏది ఏదో తేల్చమనండి.

మా తరగతిలో ఇది పెట్టినప్పుడు ఎక్కువ మంది సోడా నీళ్ళు పట్టుకుని అక్కడ ఆగిపోయారు. మిగిలిన రెండింటికీ కాగితం పసుపుగానే ఉంటుంది కదా! తరగతిలో ఎప్పుడూ నోరు మెదపని ఒక పిల్లవాడు మాత్రం ఎర్రబడిన ముక్కను పారేయలేదు. దాన్ని రెండుగా చింపి, ఒక ముక్క మీద ఒక గ్లాసులోని చుక్క, మరో ముక్క మీద మరో గ్లాసులోని చుక్క వేశాడు. ఒకటి ఎర్రగానే ఉంది. ఒకటి పసుపుకు తిరిగింది. నిమ్మరసం దొరికిపోయింది. ఇది ఏ పట్టిక కంఠతా పెడితే వస్తుంది?

ప్రతి బడికీ ఏటా చాకలి సోడా, ఫినాఫ్తలీన్, లిట్మస్, వడపోత కాగితాలు కొనుక్కునేంత చిన్న మొత్తం నేరుగా సైన్స్ టీచరు చేతికి రావాలి. పగిలిన గాజు గొట్టానికి సంజాయిషీ అడగడం మానాలి. పగలని గాజు సామానుకు అడగాలి సంజాయిషీ, ఇన్నేళ్ళు ఎందుకు పగలలేదని. తెరలు వద్దని నేను అనడం లేదు. అణువు లోపల ఏం జరుగుతుందో చూపడానికి తెర కావాలి. పసుపు ఎర్రబడటం చూపడానికి అక్కర్లేదు.

మీకొక విన్నపం. విద్యార్థుల కోసం మీరు వేసే పేజీలో మాదిరి ప్రశ్నపత్రాలతో పాటు వారానికొక ఇంటి ప్రయోగం వేయండి. నాలుగు వాక్యాలు చాలు. ఏసీబీ వార్త వేసిన రోజున దాని కింద ఆ గులాబీ రంగు ఎలా వచ్చిందో రెండు వాక్యాలు వేస్తే, దాన్ని కత్తిరించి జేబులో పెట్టుకునే పిల్లలు మా బడిలోనే కాదు, ప్రతి ఊళ్ళోనూ ఉంటారు.

ఈ ఉత్తరానికి మా పదో తరగతి పిల్లలు తయారుచేసిన పసుపు కాగితాలు మూడు జతచేశాను. మీ కార్యాలయంలో చేతులు కడుక్కునే చోట సబ్బు ఉంటుంది. ఒక చుక్క సబ్బు నీళ్ళు వేసి చూడండి. ఆ తర్వాత ఆ ముక్క పారేయకండి, మధ్యాహ్నం మజ్జిగ తాగేటప్పుడు దాని మీదే ఒక చుక్క వేయండి.

ఇట్లు,
ఒక ఫిజికల్ సైన్స్ టీచర్,
పశ్చిమ గోదావరి జిల్లా